పదును డైరీ: నాలుగెకరాల ఎర్రచేను, ఒక ఇనుప చువ్వ

మే చివరి వారం, రోహిణి కార్తె

కళ్యాణదుర్గం వైపు మాకు నాలుగెకరాల చేను ఉంది. పైన ఎర్ర మన్ను, కింద గరుసు. బోరు ఒకటి ఉండేది, అది ఎండిపోయి పదేళ్ళు దాటింది. ఏటా శనక్కాయే, మధ్య మధ్యలో కంది సాళ్ళు. నేను అనంతపురంలో హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఆదివారాలు, సెలవులు వస్తే ఊరికి పోతాను.

ఈ డైరీ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. పోయినేడు జూన్‌లో మా మండలంలో 40 మి.మీ. పైన వాన పడిందని పేపర్లో చూసి సంతోషంగా నాయనకు ఫోన్ చేశాను. "యాడ పాపా, బెత్తెడు పదును గూడా లేదు" అన్నాడు. పదును అంటే నేల లోపలికి దిగిన తడి. వాన ఒక ఊర్లో పడి పక్క ఊర్లో పడకపోవడం మామూలే కాబట్టి అప్పటికి వదిలేశాను. కానీ ఆ వాన మా ఊర్లో కూడా గట్టిగానే పడిందని, వంక పారిందని తర్వాత అమ్మ చెప్పింది. అంటే పేపర్ వాళ్ళదీ తప్పు కాదు, నాయనదీ తప్పు కాదు. వానమాపకం పైనుంచి పడింది కొలుస్తుంది. నాయన చేత్తో గుంత తీసి, లోపలికి దిగింది కొలుస్తాడు. ఆ రెండింటి మధ్య ఉన్న నీళ్ళు ఏమైపోయాయి? ఈ ఏడాది అదొక్కటీ లెక్క తేల్చాలనుకున్నాను.

సామాన్లకు పెద్దగా ఖర్చు కాలేదు. పాత బోరు కేసింగ్ పైపు ముక్క ఒకటి, లోపలి వెడల్పు 15 సెం.మీ. దాన్ని నేలలోకి మూడు వేళ్ళ లోతు దిగ్గొట్టి, 440 మి.లీ. నీళ్ళు పోస్తే 25 మి.మీ. వాన పడినట్టు లెక్క. ఇంట్లో వాడే తూకం మిషను, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఇంకా నాలుగడుగుల 8 మి.మీ. ఇనుప చువ్వ, కడ్డీలు కోసే అబ్బాయి దగ్గర అడిగి తెచ్చుకున్నది.

మొదటి పరీక్ష చేను మధ్యలో. మేలో పడిన ఒక చిన్న జల్లుకే పైన పెంకు కట్టి ఉంది. పైపు దిగ్గొట్టి, మన్ను చెదరకుండా లోపల ఒక ప్లాస్టిక్ కవరు పరిచి నీళ్ళు పోసి, కవరు మెల్లగా లాగేశాను. నీళ్ళు అద్దంలా నిలబడ్డాయి. పది నిమిషాల తర్వాత కూడా అట్లే ఉన్నాయి. నాయన వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకుంటూ చూస్తున్నాడు. మొత్తం ఇంకడానికి 1 గంట 45 నిమిషాలు పట్టింది. గంటకు 14 మి.మీ. అన్నమాట.

తర్వాత అదే పైపు గెనిమ (చేను గట్టు) మీద, గడ్డి దుబ్బుల మధ్య పెట్టాను. అదే మన్ను, నాలుగు బారల దూరం. 6 నిమిషాల్లో నీళ్ళు లేవు. నేనే ఏదో తప్పు చేశాననుకుని మళ్ళీ పోశాను. ఈసారి 11 నిమిషాలు. రెండోసారి నెమ్మదించడం మామూలే. ఎండిన మన్ను మొదట నీళ్ళను తనే లాక్కుంటుంది, తడిశాక ఆ లాగుడు తగ్గిపోతుంది. కానీ 105 నిమిషాలెక్కడ, 11 నిమిషాలెక్కడ!

జూన్ మొదటి ఆదివారం

మొదటి పరీక్షలోనే ఒక తప్పు దొరికింది. పైపు తీసేసి కింద తవ్వి చూస్తే తడి నిలువుగా దిగలేదు, కుండ అడుగులా పక్కలకు ఉబ్బి ఉంది. 15 సెం.మీ. పైపు కింద తడి అడుగు వెడల్పు పాకింది. వాన పడినప్పుడు పక్క మన్ను కూడా తడిసే ఉంటుంది కాబట్టి నీళ్ళకు పక్కకు పోయే వీలుండదు, కిందికే దిగాలి. అంటే నా లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది.

అడుగు కోసేసిన పెయింట్ బకెట్ ఒకటి పైపు చుట్టూ పెట్టి, రెండింటిలోనూ నీళ్ళు పోసి, లోపలి పైపులోనే కొలిచాను. బయటి నీళ్ళు కాపలా కాస్తాయి, లోపలివి కిందికి దిగుతాయి. ఈసారి అదే పెంకు మీద 25 మి.మీ.కి 2 గంటల 35 నిమిషాలు. గంటకు 10 మి.మీ. కూడా లేదు. రెండు బిందెల నీళ్ళు ఖర్చయ్యాయని అమ్మ గొణిగింది. బోరు లేని ఊళ్ళో ఆ గొణుగుడులో న్యాయం ఉంది.

పెంకు ఎట్లా కడుతుందో ఒక ముక్క ఊడదీసి భూతద్దం కింద చూశాను. పైన రెండు మి.మీ. మందాన నున్నటి పొర, సన్నటి బంకమన్ను ఇసుక రేణువుల మధ్య సందుల్లో దిగి సిమెంటు చేసినట్టు. దాని కింద మన్ను గుల్లగానే ఉంది. పెద్ద వాన చినుకు సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో పడుతుంది, గంటకు 30 కి.మీ. పైన. మన్ను గడ్డ మీద ఆ దెబ్బ పడితే గడ్డ పగిలి, లోపలి సన్నటి పొడి చిమ్మి, పక్క సందుల్లో కూర్చుంటుంది. ఎర్ర నేలల్లో సేంద్రియం తక్కువ, గడ్డను పట్టి ఉంచే జిగురు తక్కువ, కాబట్టి తొందరగా పగులుతుంది. మొదటి పది నిమిషాల వాన తలుపు మూసేస్తుంది, తర్వాత వచ్చిన వాన బయట నిలబడుతుంది.

జూన్, మృగశిర

నిన్న సాయంత్రం మంచి వాన. నేను లేను, నాయన కొలిచాడు. నిలువు గోడల డబ్బా ఏదైనా సరే వానమాపకంగా పనికొస్తుంది, లోపల స్కేలు పెడితే చాలు. (మొదట కూల్‌డ్రింక్ బాటిల్ కోసి పెట్టాను. అడుగున గుంతలు, మిట్టలు ఉంటాయి కదా, చిన్న వానలన్నీ తప్పు చూపించింది. ఇప్పుడు పాత పాలపొడి డబ్బా.) 38 మి.మీ., 50 నిమిషాల్లో. అంటే గంటకు 45 మి.మీ. వేగం. మా నేల తాగగలిగింది గంటకు 10.

పొద్దున్నే వచ్చి ఏడు చోట్ల గుంతలు తీశాం. తడి మన్ను ముదురు ఎరుపు, పొడి మన్ను లేత ఎరుపు, మధ్యలో గీత గీసినట్టు ఉంది. స్కేలు పెడితే ఏడు చోట్ల సగటున 11 సెం.మీ. నాయన వేళ్ళు పెట్టి చూసి, "అర జాన" అన్నాడు. స్కేలుతో పని లేకపోయింది.

ఇప్పుడు అసలు లెక్క. 11 సెం.మీ. మన్నులో ఎన్ని నీళ్ళు ఉంటాయి? తడి మన్ను 500 గ్రాములు తూచి ఇనప పెనం మీద సన్నటి మంటకు గంటసేపు వేయించాను. "ఉప్మా చేస్తావా మన్నుతో?" అని అమ్మ. 452 గ్రాములకు వచ్చి నిలబడింది. పక్కనే లోపలి నుంచి తీసిన పొడి మన్నులో నీళ్ళు నూటికి రెండే. కేసింగ్ పైపు ముక్కను 5 సెం.మీ. మన్నుతో నింపి తీసి ఎండబెట్టి తూచితే, నీళ్ళకంటే ఒకటిన్నర రెట్లు బరువు తేలింది. అన్నీ కలిపితే మా మన్ను 10 సెం.మీ. లోతు తడవడానికి సుమారు 13 మి.మీ. వాన తాగుతుంది.

11 సెం.మీ. తడిసిందంటే 14 మి.మీ. లోపలికి పోయింది. మొత్తం 38 మి.మీ. దిగి ఉంటే తడి 29 సెం.మీ. పోయేది, జానెడు దాటి. 24 మి.మీ. చేను విడిచి పోయింది. ఒక ఎకరం మీద ఒక మి.మీ. వాన అంటే 4,047 లీటర్లు. 24 మి.మీ. అంటే 97 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పందొమ్మిది, ఒక్కో ఎకరం నుంచి, గంట లోపల. తాగే నీళ్ళకు వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టే ఊరు మాది.

ఈ సంఖ్య చూసి రెండుసార్లు లెక్క వేశాను. కేసింగ్ పైపు పరీక్ష, గుంతల పరీక్ష రెండూ వేరువేరు దారుల్లో వచ్చి దాదాపు ఒకే చోట కలిశాయి కాబట్టి నమ్ముతున్నాను. పోయినేటి ఫోన్ గొడవ కూడా తీరింది.

ఇంకొకటి. వాన పడేటప్పుడు చేను మూల నుంచి వంకలోకి పోయే నీళ్ళను నాయన ఒక లీటర్ బాటిల్‌లో పట్టి పెట్టాడు. నేను చెప్పలేదు, ఆయనకే తోచింది. టీ రంగులో ఉంది. అటకమీద పెట్టి చూశాను. నిమిషంలో అడుగున ఇసుక. గంటకు దాని మీద మెత్తటి పొర. మర్నాటికి కూడా పైన ఎర్రగానే ఉంది. ఆ తేరుకోనిదే బంకమన్ను, ఎరువును పట్టుకుని ఉండేది కూడా అదే. మొత్తం ఆరబెట్టి తూచితే 9 గ్రాములు.

97 వేల లీటర్లకు లీటరుకు 9 గ్రాములైతే ఎకరాకు 870 కిలోలు. ఒక్క బాటిల్‌తో చేసిన లెక్క కాబట్టి దీన్ని కచ్చితం అనను, వాన మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా ఉంటుంది. కానీ అటూ ఇటూ చూసినా ఎన్నో కొన్ని క్వింటాళ్ళు. విచిత్రం ఏమిటంటే, దాన్ని ఎకరం మీద పరిస్తే మందం మి.మీ.లో ఏడో వంతు. పొద్దున చేనంతా తిరిగాను, ఒక్క చోట కోత కనబడలేదు.

జూన్ చివర, ఆరుద్ర

ఆరుద్ర కురిస్తే దారిద్య్రం లేదంటారు. ఈసారి కురవలేదు. ఖాళీగా ఉండలేక గాజు పెట్టె చేశాను.

రెండు కిటికీ అద్దాల మధ్య అంగుళం మందం చెక్క పట్టీలు పెట్టి, మూడు పక్కలా సీలెంట్ వేశాను. పైనుంచి జల్లెడ పట్టిన ఎర్ర మన్ను, మధ్యలో రెండంగుళాల ముతక ఇసుక, దాని కింద మళ్ళీ ఎర్ర మన్ను. పైన ఒక మూల సెలైన్ గొట్టంతో చుక్కలు చుక్కలుగా నీళ్ళు. స్కూల్లో పిల్లలను అడిగాను, ఇసుక దగ్గరికి వచ్చాక ఏమవుతుందని. అందరూ ఒకే మాట: "జర్రున కిందికి పోతాయి టీచర్." నిజం చెప్పాలంటే నేను కూడా మనసులో అదే అనుకున్నాను, పుస్తకంలో చదివినా సరే.

తడి గీత మెల్లగా దిగుతూ వచ్చి ఇసుక అంచు తాకింది. ఆగిపోయింది. చుక్కలు పడుతూనే ఉన్నాయి, నీళ్ళు ఇసుకలోకి దిగకుండా దాని మీద పక్కలకు పాకడం మొదలుపెట్టాయి. పావుగంట, ఇరవై నిమిషాలు. పై మన్ను అటు చివర నుంచి ఇటు చివర దాకా తడిసి, బరువెక్కి, మెరుస్తోంది. అప్పుడు ఒక చోట, ఒక వేలు మందాన, నీళ్ళు ఇసుకను చీల్చుకుని దిగాయి. మిగతా ఇసుకంతా పొడిగానే ఉంది.

సన్నటి మన్నులో సందులు చిన్నవి. చిన్న సందు నీళ్ళను గట్టిగా పట్టుకుంటుంది, దీపం వత్తి నూనెను పట్టుకున్నట్టు. ఇసుక సందులు పెద్దవి, వాటికి లాగే శక్తి లేదు. పై మన్ను ఇక పట్టలేనంత నిండితేనే కిందికి వదులుతుంది. ఫ్రాన్స్‌లోని డిజాన్ ఊరికి నీళ్ళ సరఫరా చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ఇసుకలోంచి నీళ్ళు ఎంత వేగంగా పోతాయో సూత్రం కట్టాడు, పిల్లలకు అదే చెప్తాం. కానీ ఆయన గొట్టాల్లో ఇసుక నీళ్ళతో నిండి ఉంది. మా చేను అట్లా నిండేది ఏడాదికి నాలుగు రోజులు కూడా కాదు. నిండని మన్నులో లెక్క తిరగబడుతుంది, పెద్ద సందు అడ్డం అవుతుంది.

దీంతో నా ప్లాన్ ఒకటి చెత్తబుట్టలో పడింది. చేనులో అక్కడక్కడ గుంతలు తీసి, అడుగున గులకరాళ్ళు పోసి, పైన మన్ను కప్పేస్తే నీళ్ళు అటు లాక్కుంటాయని అనుకున్నాను. గాజు పెట్టెలో అదే చేసి చూశాను. రాళ్ళ గూడు చివరి దాకా పొడిగా ఉంది. మన్ను కప్పకుండా రాళ్ళను పైదాకా తెచ్చి, నోరు తెరిచి పెడితే మాత్రం, పైన పారే నీళ్ళు నేరుగా దూకాయి. పూలకుండీల అడుగున చిల్లపెంకులు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని మేమంతా చిన్నప్పటి నుంచి వేస్తున్నాం. పోనీలెండి, రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు చాలు.

ఒక మంచి కూడా ఉంది ఇందులో. మా ఎర్ర మన్ను కింద గరుసు ఉంది కదా, అది ఇసుక పొర లాంటిదే. చిన్న వానలకు నీళ్ళు గరుసులోకి జారిపోకుండా వేర్ల దగ్గరే ఆగుతాయి. నాయన దీన్ని దేవుడి దయ అంటాడు.

జూలై, పునర్వసు

విత్తనం. కదిరి 6 రకం శనక్కాయ.

ఇప్పటిదాకా మా చేనులో సాళ్ళు వాలు వెంబడే ఉండేవి. చేను పొడుగు అటే ఉంది, ట్రాక్టర్‌కు తిప్పుడు తక్కువ. సాలు వాలుకు దిగితే ప్రతి సాలూ ఒక చిన్న కాలువే, 38 మి.మీ. వానకు దారి మనమే వేసిచ్చినట్టు. ఈసారి వాలుకు అడ్డంగా వేయాలన్నాను. ట్రాక్టర్ అన్న ముఖం మాడ్చుకున్నాడు. ఎకరాకింత అని మాట్లాడుకున్నాం, తిప్పుళ్ళు పెరిగితే డీజిల్ ఆయనది. కొంచెం ఎక్కువ ఇస్తామన్నాక ఒప్పుకున్నాడు.

వాలు ఎటు ఉందో కంటితో తెలియదు, అందుకే కట్టెలతో ఇంగ్లీష్ 'A' అక్షరం ఆకారంలో చట్రం కట్టాను. కాళ్ళ మధ్య 2 మీటర్లు, పై కొసనుంచి దారానికి రాయి. దారం అడ్డకర్ర మధ్య గుర్తు మీద నిలిస్తే రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అట్లా కాలు కాలు తిప్పుకుంటూ సున్నం గుర్తులు పెట్టుకుంటూ పోయాను. వాలు నూటికి రెండు వచ్చింది. 12 అడుగులకొక గొడ్డు సాలు, విత్తనం లేకుండా నీళ్ళు నిలబడడానికి. పడమటి అర ఎకరం మాత్రం పాత పద్ధతిలోనే వాలు వెంబడి వదిలేశాను, పోల్చుకోవడానికి. నాలుగు సెంట్ల మీద శనక్కాయ పొట్టు పల్చగా కప్పాం. అంతకంటే ఎక్కువ కుదరలేదు. కాయ తీసేశాక మిగిలే శనక్కాయ కట్టె పశువులకు మేత, దాన్ని నేలమీద పరుస్తానంటే నన్ను ఇంట్లోంచి పంపేస్తారు. నేలను ఇట్లా కప్పడం మంచిదని చెప్పేవాళ్ళు ఈ మేత సంగతి ముందు తేల్చాలి.

ఆగస్టు, ఆశ్లేష

22 రోజులుగా చినుకు లేదు. మధ్యాహ్నం ఆకులు ముడుచుకుంటున్నాయి. రాయడానికి ఏమీ లేదు, గుంటక తోలడం తప్ప. పెంకు పగిలితే కలుపు పోతుంది, కాయ కట్టే ఊడలు దిగడానికి నేల మెత్తగా ఉంటుంది, తర్వాతి వానకు తలుపు తెరిచి ఉంటుంది.

చువ్వతో మాత్రం కొత్త సంగతి ఒకటి తెలిసింది. తడి ఉన్న చోట చేత్తో నొక్కితే చువ్వ మెత్తగా దిగుతుంది, సరిగ్గా 13, 14 సెం.మీ. దగ్గర ఠక్కున ఆగుతుంది. పది చోట్ల నొక్కాను, పది చోట్లా అంతే. రాయి అయితే అన్ని చోట్లా ఒకే లోతులో ఉండదు. తవ్వి చూశాను. కింద గట్టి పొర, నాలుగు వేళ్ళ మందం. శనక్కాయ తల్లివేరు అక్కడి దాకా వచ్చి, మడమ తిప్పినట్టు పక్కకు తిరిగింది. ఏడెనిమిదేళ్ళుగా రోటావేటర్ ఒకే లోతులో తిరుగుతోంది, పైన ట్రాక్టర్ బరువు. పై పెంకు పగలగొట్టినా నీళ్ళకు కింద ఇంకో పెంకు ఉంది.

ఉలి నాగలితో లోతుగా చీల్చాలి. అది ఎండు నేలలో, వేసవిలో చేయాల్సిన పని. తడిలో చేస్తే మన్ను పగలదు, సబ్బు కోసినట్టు నున్నగా జారి ఇంకా గట్టిపడుతుంది. వచ్చే ఏప్రిల్‌కు రాసి పెట్టుకున్నాను.

సెప్టెంబర్ మూడో వారం, ఉత్తర

రాత్రంతా కురిసింది, 61 మి.మీ. నిద్ర పట్టలేదు. నాయన నాలుగు గంటలకే గొడుగు తీసుకుని పోయాడు. ఆరు గంటలకు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: "నీ సాలు తెగింది."

పోయి చూస్తే మూడో గొడ్డు సాలు. మధ్యలో ఒక చోట చిన్న పల్లం ఉంది. నేను గుర్తులు పెట్టిన రోజు ఆ చోట మన్ను గుల్లగా ఉండి చట్రం ఒక కాలు దిగబడి ఉంటుంది, గాలికి రాయి ఊగి ఉంటుంది, నేను మాత్రం సమానం అని రాసుకున్నాను. 60 మీటర్ల సాలులో నీళ్ళన్నీ ఆ పల్లానికి చేరి, అక్కడ గట్టు తెంచి, కింది సాలు మీద పడి, దాన్నీ తెంచి, ఆ కింద దాన్నీ. గండి కింద కోత 9 మీటర్ల పొడవు, అడుగు వెడల్పు, జానెడుకు తక్కువ లోతు. శనక్కాయ మొక్కలు వేర్లతో సహా వంక దగ్గర దొరికాయి. పాత పద్ధతిలో ఉన్న పడమటి అర ఎకరంలో ఇట్లాంటి గండి ఒక్కటి లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలల టెన్షన్ పడి, ట్రాక్టర్ అన్నకు ఎక్కువ డబ్బులిచ్చి, చేను కోయించింది నేనే అనిపించింది.

నాయన తిట్టలేదు. గండి చుట్టూ ఒకసారి తిరిగి, పెద్ద రాళ్ళు అడుగున, చిన్నవి పైన, మధ్యలో కలుపు గడ్డి కుక్కి మూశాడు. "నీళ్ళు అంత దూరం పరుగు తీస్తే యాడో ఒకచోట తెంపుతాయి పాపా. సాలులో పది అడుగులకొక అడ్డం పెట్టుంటే యాడివి ఆడే నిలుస్తా ఉండె." పారతో మట్టి తీసి సాలుకు అడ్డంగా, గట్టు కంటే ఒక వేలు తక్కువ ఎత్తులో, చిన్న చిన్న అడ్డాలు వేసుకుంటూ పోయాడు. ఒక గుంత నిండితే పక్క గుంతలోకి పొర్లుతుంది, గట్టు మీద నుంచి కాదు. నా చట్రంలో రెండు వేళ్ళ తప్పున్నా ఆ అడ్డాలు సర్దుకుంటాయి. మిగతా సాళ్ళన్నిటికీ రెండు రోజులు పట్టింది. నా చేతులు బొబ్బలెక్కాయి.

కోత కొలిచాను, కొలవకుండా ఉండలేను కదా. 9 మీటర్లు, 30 సెం.మీ., 15 సెం.మీ. వెరసి 0.4 ఘనపు మీటరు, 600 కిలోల మన్ను. ఊర్లో వచ్చినవాళ్ళందరూ ఆ గండి చూసి అయ్యో అన్నారు. జూన్‌లో ఎకరాకు 870 కిలోలు పోయిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా బాటిల్ చూడకపోతే అనేదాన్ని కాదు.

నాలుగు రోజుల తర్వాత

గుంతలు తీశాం. గొడ్డు సాళ్ళున్న వైపు, గండి పడిన భాగం వదిలేసి, తడి సగటున 31 సెం.మీ. పడమటి అర ఎకరంలో 19. పొట్టు కప్పిన నాలుగు సెంట్లలో 38 దాకా పోయి గరుసు తగిలింది, అంతకంటే తవ్వలేదు. అక్కడ బకెట్ పెట్టి పరీక్ష చేస్తే 25 మి.మీ. 19 నిమిషాల్లో ఇంకింది. వాన చినుకు పొట్టు మీద పడి చస్తుంది, మన్ను దాకా దెబ్బ రాదు, పెంకు లేదు. పొట్టు ఎత్తి చూస్తే వానపాముల మట్టి కుప్పలు కూడా కనబడ్డాయి, వాటి బొక్కలు నీళ్ళకు పైపులు.

గట్టి పొర మాత్రం ఈ లెక్కలన్నిటిలో అట్లే ఉంది. నీళ్ళు నెమ్మదిగా నాలుగు రోజుల్లో దిగాయి కాబట్టి తడి 31 సెం.మీ. దాకా పోయింది.

స్కూల్లో ఒక టీచర్ది కర్నూలు వైపు, నల్లరేగడి చేను. ఇదంతా చెప్తే నవ్వాడు. వాళ్ళ బాధ వేరే. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు, మొదటి వాన ఆ బీటల్లోంచి గటగటా దిగుతుంది. రెండో వానకు మన్ను ఉబ్బి బీటలు మూసుకుపోతాయి, ఇక గంటకు ఒకటి రెండు మి.మీ. కూడా కష్టం. పైన నీళ్ళు నిలిచి పంట కుళ్ళుతుంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్ల నేలల కోసం వెడల్పు మడులు, మధ్యలో కాలువలు చేయించింది ఇందుకే. నేను నీళ్ళు నిలపడానికి సాలు తీస్తే, వాళ్ళు పంపించడానికి తీస్తారు. నా డైరీ చూసి ఎవరైనా రేగడిలో అడ్డాలు వేస్తే నన్ను తిడతారు.

అక్టోబర్ చివర, స్వాతి

కాయ పీకడం అయిపోయింది. దిగుబడి గురించి అందరూ అడుగుతున్నారు. అడ్డం సాళ్ళ వైపు కాయ కొంచెం గట్టిగా ఉంది, బస్తాలు కూడా ఎక్కువే వచ్చాయి, కానీ పడమటి అర ఎకరం మొదటి నుంచీ పల్చటి మన్ను. ఒక ఏడాది, ఒక చేను. దీని మీద ఎవరితోనూ పందెం కాయను. పీకిన నేల గుల్లబారింది కాబట్టి ఇప్పుడు పైపు పరీక్ష చేసినా మే నెలతో పోల్చడానికి లేదు, చేయలేదు.

ఏప్రిల్‌కు ఉన్న పనులు: ఉలి నాగలి రెండెకరాలకే, మిగతా రెండు అట్లే వదలాలి. చట్రం బదులు పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి మేస్త్రీలు లెవల్ చూసే పద్ధతి, దానికి గాలి బాధ లేదు. గెనిమల మీద గడ్డి కోయకుండా నాయనను ఒప్పించాలి. చెరువు పూడిక మట్టి రెండు ట్రాలీలు ఒక మూలకు తోలి చూడాలి, ఇసుక ఎక్కువున్న చోట పదును ఎన్ని రోజులు పట్టి ఉంచుతుందో.

వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో నాయన వాన పడిన తేదీల పక్కన రాసుకుంటున్నాడని ఈరోజే చూశాను. సెప్టెంబర్ గడిలో "61" అని నా సంఖ్య, దాని కింద "జానన్నర, పడమర ముక్కాలు జాన" అని ఆయనది. అక్టోబర్‌లో రెండు వానలకు మి.మీ. అంకె లేదు. డబ్బా ఏమైందని అడిగాను. కోడిపిల్లలకు నీళ్ళు పెట్టడానికి అమ్మ తీసుకుందట. చువ్వ మాత్రం తలుపు మూలనే ఉంది, కొస మెరుస్తోంది.